ఎడమ పక్క కమాను

మా కారు ఎడమవైపుకి ఒరిగి నిలబడేది. లోపల ఎవరూ లేకపోయినా, డిక్కీ ఖాళీగా ఉన్నా, వెనక ఎడమ చక్రం దగ్గర రెండు వేళ్ల మేర కిందికి దిగి ఉండేది. మా ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటు సరిగ్గా దాని పైనే. నీళ్ల టిన్నుల కోసం మా ఇంటికి వచ్చే ఆడవాళ్లు కారు వంక చూసి, "మాస్టారమ్మ ఇంకా దిగనేదు" అనుకునేవారు.

నాకు వినపడేలాగే అనేవారు. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇలాంటి మాటలకి కోప్పడాలి నేను. మామూలుగా అయితే నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కూడా. కానీ ఆ మాటకి మాత్రం కోపం రాలేదు. పొద్దున్నే తలుపు తీసి ముందు కారు వెనక్కి వెళ్లేవాణ్ణి. ఒరుగు అలాగే ఉందా లేదా అని చూసుకునేవాణ్ణి. ఉండేది. అప్పుడు లోపలికి వచ్చి కాఫీ పెట్టుకునేవాణ్ణి.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక కొబ్బరి తోట, తోట వెనక ఇసక, ఆ తర్వాత సముద్రం. కారు తెల్ల అంబాసిడరు, నేను ఉద్యోగంలో ఉండగా ఒక ఆఫీసు వేలంలో కొన్నది. ఊరంతా దాన్ని చూసి నవ్వేది. మా ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది, అదే ఊళ్లో కొబ్బరీ జీడీ చూసుకుంటూ ఉంటాడు, వాడు దాన్ని ఏనుగు అని పిలిచేవాడు. "బావా, ఏనుక్కి మేత ఎయ్యనేదా ఇయాల?" అనేవాడు. నేను వాడితో రెండు రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. కాకి పిల్ల కాకికి ముద్దు. నన్నేమన్నా పడేవాణ్ణి గానీ కారునంటే ఊరుకునేవాణ్ణి కాదు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. మా ఆవిడకి అందరికన్నా బాగా తెలుసు.

ఆవిడకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసినప్పుడు మేము పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇంటింటా ఈ జబ్బే ఉన్న మా ఉద్దానంలో పుట్టినవాళ్లకి క్రియాటినిన్ అనే మాట అక్షరాలు రానివాళ్లకి కూడా వచ్చు. వారానికి రెండుసార్లు, సోమవారం గురువారం, పలాస తీసుకెళ్లేవాణ్ణి డయాలసిస్‌కి. మూడేళ్లు అలా తిరిగాం. వచ్చేటప్పుడు ఆవిడ పడుకోవాలి, కాబట్టి వెనక సీటే. వెళ్లేటప్పుడు మాత్రం ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చునేది. ముందుకి వచ్చి కూర్చోమంటే వచ్చేది కాదు. "ఇక్కడైతే మీ మొకం సగమైనా అవుపడతాది. పక్కన కూకుంటే మీరు రోడ్డే సూస్తారు, నేనూ రోడ్డే సూడాల" అనేది. నేను అద్దంలోంచి వెనక వచ్చే లారీలని చూసుకునేవాణ్ణి.

ఇక్కడ నీళ్ల సంగతి చెప్పాలి. మా ఊరి బోరు నీళ్లంటే అప్పట్లో అందరికీ భయం. ఆ నీళ్ల వల్లే కిడ్నీలు పోతున్నాయని కొందరు, కాదని కొందరు. ఎవరి మాట ఎలా ఉన్నా తాగే ధైర్యం ఎవరికీ లేదు. పలాసలో ఇరవై లీటర్ల టిన్నుల్లో నీళ్లు పట్టి అమ్మేవారు. ఆవిడకి డయాలసిస్ జరిగే నాలుగు గంటలు నేను ఖాళీయే కదా. మొదట మా ఇంటికి రెండు టిన్నులు తెచ్చాను. పక్కింటివాళ్లు అడిగారు, ఎదురింటివాళ్లు అడిగారు. కొన్ని వారాలకే ఎనిమిది టిన్నులయ్యాయి. డిక్కీలో కుడివైపు జాకీ, పనిముట్ల పెట్టె, ఒక పాత టైరు ఎప్పుడూ ఉండేవి. టిన్నులన్నీ ఎడమవైపుకే సర్దేవాణ్ణి. ఊళ్లో నన్ను దేవుడన్నారు. ఆ మాట చెవులకి ఇంపుగానే ఉండేది, కాదనను.

బరువుకి కారు వెనక కూలబడటం మొదలైంది. పలాసలోనే ఒక షెడ్డుకి తీసుకెళ్లి, కమానులో ఇంకో పట్టీ వేయమన్నాను. కమాను అంటే వెనక ఇరుసు మీద బండి బరువుని మోసే ఉక్కు పట్టీల కట్ట. విల్లులా వంగిన పొడుగు పట్టీ ఒకటి, దాని కింద కొంచెం పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది. పట్టీ పెరిగితే బరువు మోస్తుంది గానీ బిగుసుకుపోతుంది. ఆ షెడ్డతను ఆ మాటే చెప్పాడు కూడా. "మనుసులు కూకునే బండి కదా మాస్టారూ, కాళీగా ఎల్లినప్పుడు ఎత్తెత్తి కొడతాది" అన్నాడు. స్ప్రింగు మీద ఎంత బలానికి ఎంత సాగుతుందో ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసినవాణ్ణి, నాకు చెప్తావా అన్నాను. అతను రెండు పక్కలా వేసేశాడు.

అప్పటినుంచీ వెళ్లేటప్పుడు ఆవిడ, వచ్చేటప్పుడు ఆవిడా నీళ్లూ. కారు కూలబడటం మానేసింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ వానాకాలంలో అనుకుంటాను, ఒకరోజు వెళ్తూ ఉంటే ఆవిడ అంది, "ఈ పక్క కింద ఏదో కొడతందండీ."

"గోతుల రోడ్డు కొట్టక ముద్దు పెట్టుకుంటుందా?"

"గొయ్యి కాదు. గొయ్యి అయిపోనాక కొడతంది. టక్కుమని. నడుం దాకా వస్తంది."

గొయ్యి అయిపోయాక అని ఎంత కచ్చితంగా చెప్పిందో ఇప్పుడు తెలుస్తోంది. నా క్లాసులో ఏ పిల్లవాడైనా అంత సరిగ్గా గమనించి చెప్పి ఉంటే వీపు తట్టేవాణ్ణి. ఆ రోజు మాత్రం, "నీరసానికి అలా అనిపిస్తుంది, బండికేం కాలేదు" అన్నాను. మళ్లీ గురువారం అంది. ఆ తర్వాత సోమవారం కూడా అంది. నాకు విసుగొచ్చింది. నేను కూర్చునేది ముందు కుడిపక్క, ఇంజను మోతలో నాకేమీ వినపడేది కాదు. వెనక సీటులో ఒక్కసారి కూర్చుని చూస్తే తెలిసేది. నా కారు స్టీరింగు ఇంకొకరికి ఇచ్చి నేను వెనక కూర్చోవడమా? ఆ ఆలోచనే రాలేదు.

తర్వాత ఆవిడ చెప్పడం మానేసింది. ఒకసారి నేనే ఎత్తిపొడుపుగా, "ఏం, ఇంకా కొడుతోందా?" అని అడిగాను.

"ఏం లేదు, పోనీండి" అంది.

చూశావా, నేను చెప్పలేదూ అన్నాను. ఆ తర్వాత ఎప్పుడైనా వెనక్కి తిరిగి చూస్తే, గోతులు వచ్చేముందు అరచెయ్యి సీటు మీద ఆనించి నడుముని కొంచెం పైకి లేపుకుని కూర్చునేది. అది కూడా నీరసమే అనుకున్నాను. పోయేముందు రోజు వరకూ ఆ కారులోనే తిరిగింది.

కారు ఒరగడం ఎప్పుడు మొదలైందో నేను గమనించలేదు. ఆవిడ పోయిన పదకొండో రోజున, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, వాకిట్లో నిలబడితే కనబడింది. వెంటనే అనిపించింది, కూర్చుని ఉంది అని. ఇనుము కూడా మనిషిని గుర్తు పెట్టుకుంటుందనుకున్నాను. ఎంత బరువుంది ఆవిడ చివర్లో, చిన్నపిల్ల బరువు. ఆ బరువుకి ఉక్కు ఒంగదని నాకు తెలియదా? తెలుసు. తెలిసీ నమ్మాను. నీళ్ల కోసం పలాస వెళ్లడం మానలేదు, టిన్నులు మాత్రం కుడివైపుకి మార్చాను. ఆ దారిలో ఒక్కోసారి వెనక ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు సీటు కిర్రుమనేది. అద్దంలో చూసేవాణ్ణి కాదు. చూస్తే ఉండదని భయం. మెల్లగా నడిపేవాణ్ణి, ఆవిడ ఉన్నప్పుడు నడిపినదానికన్నా మెల్లగా.

ఇలాగే ఇంకెన్నాళ్లు నడిచేదో గానీ, మొన్న మా బావమరిదికి కూడా డయాలసిస్ తప్పదన్నారు. సోమవారం నుంచి మొదలు. వాడే వచ్చి అరుగు మీద కూర్చుని చెప్పాడు, నవ్వుతూనే. "బావా, అక్క సోటు కాళీగా ఉందిగదా, నాకిచ్చేయ్. ఏనుగెక్కి ఊరేగుతాను." నేను నవ్వలేకపోయాను. ఎక్కి కూర్చో చూద్దాం అన్నాను. వాడు ఎడమ పక్క కూర్చోగానే కారు ఇంకా దిగిపోయింది. పది గజాలు నడిపేసరికి టైరు మడ్‌గార్డుకి రాసుకుని రబ్బరు వాసన వచ్చింది. ఇలా పలాస దాకా వెళ్లడం కుదరదు. కమాను మార్చక తప్పదు.

శుక్రవారం టెక్కలి వెళ్లాను. హైవే పక్కన కమాను పనే చేసే మేస్త్రి ఒకడున్నాడు. కొలిమి, దాగలి, చుట్టూ లారీల పట్టీలు. నా వయసువాడే. కారు దిగుతూనే చెప్పాను, "టైరు రాసుకోకుండా చెయ్యి చాలు. ఒరుగు మాత్రం అలాగే ఉంచు."

అతను బీడీ తీసి నా మొహంలోకి చూశాడు. "ఏటీ?"

"ఎడమవైపు కొంచెం దిగి ఉంటుంది. అది అలాగే ఉండాలి."

"దిగిపోనాదనే గదా అందరూ నా కాడికొస్తారు. దిగిందే ఉంచమన్నోణ్ణి మిమ్మల్నే సూసినాను మాస్టారూ."

కారణం చెప్పలేదు నేను. అతనూ అడగలేదు. జాకీ ఎత్తి, చక్రం విప్పి, కట్ట దింపాడు. బోల్టు తీసి పట్టీలు ఒక్కొక్కటీ విడదీసి నేల మీద వరసగా పరిచాడు. ఒక్కోదాన్నీ ఎత్తి బండ మీద వదిలాడు. మొదటిది గంటలా మోగింది. రెండోది రెండు ముక్కలుగా అతని చేతిలోకి వచ్చింది. మూడోది మోగలేదు, డొల్లగా పలికింది. దాన్ని కిరసనాయిలుతో తడిపి, గుడ్డతో తుడిచి, గూట్లోంచి చాక్‌పీసు ముక్క తీసి పైనంతా రుద్దాడు. కాసేపు చూడండి అన్నాడు. తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత సన్నగా ఒక తడి గీత పైకి వచ్చింది. బీటలోకి పోయిన నూనె సుద్దలోకి ఊరుతుంది, అంతే, అందులో మాయ ఏమీ లేదు. ఇన్నేళ్లు చాక్‌పీసు పట్టుకున్న నాకు సుద్దకి ఇలాంటి పని ఒకటి ఉందని తెలియదు.

విరిగిన రెండో పట్టీ ముక్కలు నా చేతికిచ్చాడు. "అంచు సూడండి. కొత్తగా ఇరిగితే వెండిలాగ మెరుస్తాది. ఇది నల్లగా తుప్పట్టి, రాసుకుని రాసుకుని నున్నగైపోనాది. మూడేళ్లు పైమాటే. ఎవులూ సెప్పనేదేటి మీకు? ఇది బాగా కొడతాదే. గోతిలో పడి లేసినప్పుడల్లా టక్కుటక్కుమంటాది, ఎనక కూకున్నోళ్ల నడుం ఇరిగిపోద్ది."

చెప్పారు అన్నాను. ఎవరు అని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. నేను ఆ ముక్కలు పట్టుకుని అతని బల్ల మీద కూర్చుండిపోయాను. రెండేళ్లుగా పొద్దున్నే లేచి నేను చూసుకున్నది ఆవిడని కాదు. ఆవిడని కొట్టినదాన్ని. అది పోతుందేమోనని భయపడుతూ దాన్ని కాపాడుకుంటూ వచ్చాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

మేస్త్రి తన పనిలో తనున్నాడు. మూడు దారులున్నాయన్నాడు. పగిలినవి మార్చి, మిగిలిన పాతవాటిని కాల్చి మళ్లీ వంపు కొట్టడం ఒకటి. టాక్సీలకి వేసే కొత్త కట్ట, మందం పట్టీలు, ఒక పట్టీ ఎక్కువే ఉంటుంది, అది రెండోది. మూడోది, కోటబొమ్మాళిలో ఒక ముసలాయన కారు తుక్కుకి వస్తే విప్పి ఉంచిన జత. పల్చటి పట్టీలు, కారుతో మొదట వచ్చిన లెక్కే. భార్యాభర్తలిద్దరే తిరిగిన బండట.

"పాతవి ఒద్దు. ఓసారి అలిసిపోనాక ఎంత కొట్టినా నిలబడవు. ఈ రెండిట్లోనే సూసుకోండి" అని రెండు కట్టలూ నా ముందు పెట్టాడు.

టాక్సీ కట్ట మీద చెయ్యి వేశాను. కొత్త ఇనుము, నల్ల రంగు, చూడ్డానికి బాగుంది. ఇదైతే బరువు ఆగుతుందా అని అడిగాను.

"ఏటి మోత్తారు దీంట్లో?"

"నీళ్లు. ఎనిమిది టిన్నులు."

"అయితే ఇదే ఎయ్యండి. పదహారు మొయ్యండి, సెక్కు సెదరదు." ఆ తర్వాత అడిగాడు, "మనుసులు కూడా ఎల్తారా?"

"ఒకడున్నాడు. సోమవారం నుంచి డయాలసిస్."

మేస్త్రి టాక్సీ కట్టని కాలితో పక్కకి తోసేశాడు. "ముందే సెప్పాలి గదండీ. సూదులు గుచ్చించుకుని వచ్చినోణ్ణి దీని మీద కూకోబెడతారేటి? నీళ్లకో కమాను, మనిసికో కమాను. రెండిటికీ ఒకటే అవదు మాస్టారూ."

ఆ మాట ఆరోజే, పట్టీ వేయించిన రోజే, షెడ్డతను వేరే మాటల్లో చెప్పాడు నాకు. నేను నీళ్లకి వేయించాను. ఆవిణ్ణి దాని మీద కూర్చోబెట్టాను. ఊరంతటి దాహమూ ఆవిడ నడుం మీద పెట్టి మోయించి, దేవుణ్ణనిపించుకున్నాను. ఇంతకన్నా సూటిగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

పల్చటి జత బిగించమన్నాను. అందులోనూ ప్రతి పట్టీ బండ మీద వదిలి మోగించాడు. సుద్ద రుద్ది చూపించాడు. రబ్బరు బుష్షులు కొత్తవి వేశాడు. పాత పట్టీలు తీసుకెళ్తారా అని అడిగాడు. మా వైపు విరిగిన కమాను పట్టీని ఎవరూ పారెయ్యరు, కమ్మరి కొలిమిలో పెడితే కొబ్బరి బొండాలు కొట్టే కత్తి అవుతుంది, తరాలు ఉంటుంది. వద్దన్నాను. మా ఇంట్లో దాని చప్పుడు ఏ రూపంలోనూ వద్దు.

జాకీ దింపాక కారు తిన్నగా నిలబడింది. చుట్టూ తిరిగి చూశాను, రెండు పక్కలా ఒకే ఎత్తు. మేస్త్రి గర్వంగా చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఇంటికి వచ్చేసరికి టిన్నులవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఇక తేలేనని చెప్పాను. ఇప్పుడు ఊళ్లోకి కుళాయి నీళ్లు వచ్చాయి, నమ్మకం లేనివాళ్లకి ఆటోలో తెచ్చేవాడూ ఉన్నాడు, అయినా మొహాలు చిన్నబోయాయి. వెళ్లబోతూ వాళ్లలో పెద్దావిడ కారు వంక చూసి ఆగింది. "దిగిపోనాది మాస్టారమ్మ" అంది, మెల్లగా, తనలో తను అనుకున్నట్టు.

సోమవారం బావమరిది శుభ్రంగా గడ్డం గీసుకుని, పెళ్లికెళ్లేవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక ఎడమ పక్కే కూర్చున్నాడు. తోటలు దాటి పలాస రోడ్డెక్కాం. మొదటి గొయ్యి దగ్గరే అడిగాను, "కొడుతోందా?"

"ఏటీ నేదు బావా, పోనీ."

బ్రేకు మీద కాలు పడింది. కారు రోడ్డు పక్కన ఆపేశాను. అదే మాట, అదే గొంతు. అక్కాతమ్ముళ్లు కదా, పోలిక ఉంటుంది. కానీ ఆ మాటని నేను ఇంక నమ్మలేను.

"నిజం చెప్పు. నీకు కొడుతున్నా నాకు చెప్పవు."

వాడు కిటికీలోంచి జీడి తోట వైపు చూశాడు. అటే చూస్తూ అన్నాడు, "అక్క సెప్పింది నాతోటి. ఆ పక్క కూకుంటే నడుం పడిపోతందిరా అంది. బావతో నేను సెప్తానన్నాను. ఒద్దంది. ఆ బండినేటన్నా అంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటారు, నా వల్ల ఇప్పటికే సానా పడతన్నారు, ఒగ్గేయ్ అంది." తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడు మాత్రం నిజంగానే కొట్టట్నేదు బావా" అన్నాడు.

"దిగు. నువ్వు నడుపు."

వాడు నమ్మలేదు. తోట పనికి వ్యాను నడిపేవాడే గానీ, ఇన్నేళ్లలో నా స్టీరింగు వాడు ముట్టుకున్నది లేదు. దిగి, ముందుకి వచ్చి, పెళ్లిపీటల మీద కూర్చున్నంత జాగ్రత్తగా కూర్చున్నాడు. నేను వెనక ఎడమ పక్క ఎక్కాను. అక్కడ నేను కూర్చోవడం అదే మొదలు. సీటు అంచున ఒకచోట రెగ్జిను అరిగి, కింది గుడ్డ కనిపిస్తోంది. నా అరచెయ్యి దాని మీద పెట్టాను. ఆ అరిగిన చోటు నా అరచేతికన్నా చిన్నగా ఉంది.

అక్కణ్ణుంచి నిజంగానే నడిపేవాడి మొహం సగం కనబడుతుంది. చెంపా, చెవీ, కంటి కొసా. మూడేళ్లు ఆవిడ చూసింది ఇదే. కోపంతో ముడుచుకున్న నా కనుబొమ ఎన్నిసార్లు చూసి ఉంటుందో, చూసి నోటి దాకా వచ్చిన మాట ఎన్నిసార్లు మింగేసి ఉంటుందో.

ముందు కల్వర్టు వచ్చింది. దాని అవతల పెద్ద గొయ్యి, ఏటా పూడుస్తారు, ఏటా పడుతుంది. అక్కడే ఆవిడ మొదటిసారి చెప్పింది. నేను పళ్లు బిగించి, అరచెయ్యి సీటుకి నొక్కి, నడుం పైకి లేపుకున్నాను. చక్రం గోతిలో దిగింది. లేచింది. ఇప్పుడు కొడుతుంది అనుకున్నాను.

కొట్టలేదు. కారు నెమ్మదిగా ఒకసారి ఊగి, సర్దుకుని, ముందుకి పోయింది. అంతే. ఇంత మెత్తగా పోయేది ఈ బండి. మొదటినుంచీ ఇలాగే పోగలిగేది.

"కొడతందేటి బావా?" ముందునుంచి బావమరిది అడిగాడు.

నడుం దించి సీటుకి ఆనుకున్నాను.

"ఏం లేదు, పోనీ" అన్నాను.